మా గినీ పందులకు మేకప్ వద్దన్నాను

మెడలో ట్యాగు వేలాడితే చాలు, ఆ మనిషి సాఫ్ట్‌వేరేనని ఎదుటివాళ్ళు తేల్చేసే రోజుల్లో నేను ఉద్యోగంలో చేరాను. (ఆ రోజులు ఇంకా పోలేదనుకోండి, నేనే కొంచెం ముందుకు జరిగాను.) పొద్దున్నే చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగే జనంలో నేనూ ఒకదాన్ని. అందరిలాగే నా మెడలోనూ నీలం తాడు, వీపున నల్ల సంచి, మొహంలో ఇంకా పూర్తిగా వదలని నిద్ర. పక్కన కూర్చున్నావిడ ముచ్చటపడి "ఏ టెక్నాలజీ అమ్మా?" అని అడిగితే "గినీ పందులండీ" అని చెప్పేదాన్ని. ఆవిడ వెంటనే కిటికీలోంచి హఫీజ్‌పేట చూసుకునేది. నాకు దాపరికం ఎప్పుడూ చేతకాలేదు. మా ఇంట్లో ఆ శాఖ మొత్తం మా అమ్మ చూసుకునేది. నాన్నగారి బదిలీ మీద భీమవరం నుంచి వచ్చి చందానగర్‌లో స్థిరపడ్డ మనిషి, అపార్ట్‌మెంట్‌లో ఎవరడిగినా "మా అమ్మాయి హైటెక్ సిటీలో చేస్తోందండి" అని ఆపేసేది. అందులో ఒక్క అబద్ధం లేదు. పంది అనే మాట కూడా లేదు.

అసలు సంగతేమిటంటే, కొండాపూర్ వైపు ఒక అద్దాల భవనంలో, పై అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పోగా మిగిలిన ఒక అంతస్తులో మాదొక చిన్న ప్రయోగశాల. వేరే కంపెనీలు కనిపెట్టిన మందులను, వాళ్ళడిగిన ప్రశ్నలను మేం జంతువుల మీద పరీక్షించి ఫలితాలు రాసి పంపేవాళ్ళం. లిఫ్టులో నేను మా అంతస్తు బటన్ నొక్కగానే మిగతావాళ్ళు కాస్త దూరం జరిగేవారు. (వాసన నాకు తెలిసేది కాదు. ఇంటికెళ్తే అమ్మకు తెలిసేది.) నాకప్పగించిన పని తామర. అది వంటి మీద గుండ్రంగా ఎర్రటి అంచుతో పాకుతూ దురద పెట్టే ఫంగస్. అది తెలియని తెలుగువాళ్ళు లేరు, తమకు ఎప్పుడైనా వచ్చిందని ఒప్పుకునే తెలుగువాళ్ళూ లేరు. మనుషులకు లాగే అది గినీ పందులకూ (పేరుకే పందులు, చూడ్డానికి తోకలేని బొద్దు ఎలుకలు) వస్తుంది. ఒకసారి తామర వచ్చి తగ్గిన జంతువుకు మళ్ళీ అంటిస్తే దాని ఒళ్ళు ఎలా ఎదురు తిరుగుతుంది, మొదటిసారి కంటే ఎంత తొందరగా తరిమేస్తుంది అన్నది మా క్లయింటు కంపెనీ ప్రశ్న. అందుకని రెండు వరసల బోనులు పెట్టాం. పై వరసలో ఎప్పుడూ తామర రానివి, కింది వరసలో ఒకసారి వచ్చి తగ్గినవి. మేం వాటిని కొత్తవి, పాతవి అని పిలుచుకునేవాళ్ళం. ఒకే రోజున రెండు వరసలకూ వీపు మీద కొంచెం బొచ్చు తీసి ఒకే ఫంగస్ అంటించాం.

ఇక్కడొక చిత్రం ఉంది, కథంతా దాని మీదే నడిచింది కాబట్టి ఓపిగ్గా వినాలి. కొత్తవాటి వీపులు మొదట్లో నున్నగా, చక్కగా ఉన్నాయి. ఎందుకంటే లోపల ఫంగస్ చాప వేసుకుని కూర్చుంటున్న సంగతి వాటి ఒంటికి ఇంకా తెలియలేదు. పాతవి మాత్రం రెండు మూడు రోజులకే వీపంతా ఎర్రబడి, వాచి, పొక్కు కట్టి, చూడ్డానికి భయంకరంగా తయారయ్యాయి. వాటి రక్తంలోని కాపలా కణాలు వచ్చినవాడు పాత దొంగేనని గుర్తుపట్టి, ఆలస్యం చేయకుండా పైనబడ్డాయి. ఆ ఎరుపు జబ్బు కాదు, జబ్బు మీద యుద్ధం. అంటే ఆ గదిలో అందంగా ఉన్నవి ఓడిపోతున్నాయి, అసహ్యంగా ఉన్నవి గెలుస్తున్నాయి. నాకు ఇరవై మూడేళ్ళ వయసులో ఇంతకంటే మంచి వార్త ఇంకెక్కడా వినిపించలేదు. (అద్దంలో నా మొహం మీద మొటిమలు చూసుకుంటూ కూడా దీన్ని కొంచెం వాడుకున్నాను.)

ఆ సరదాలో ఒకరోజు చేతి తొడుగు సరిగ్గా లాక్కోకుండా ఒక పాతదాన్ని ఎత్తుకున్నాను. నా కుడి మణికట్టుకు పైన చక్కటి గుండ్రటి తామర వచ్చి కూర్చుంది. వచ్చీ రాగానే ఎర్రగా మండిపోయింది. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో లేగదూడను కౌగిలించుకుని ఒకసారి తామర తెచ్చుకున్న మనిషిని కదా, నా ఒళ్ళూ గుర్తుపట్టింది. చర్మ వ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఫంగస్‌ను చంపే మామూలు మందు రాసిచ్చి, ఎరుపు పోవడానికని ఇంకేవీ పూయొద్దని మరీ మరీ చెప్పాడు. ఇంటికొచ్చేసరికి అమ్మ చేతిలో ఒక ట్యూబు సిద్ధంగా ఉంది.

"మందుల షాపతన్ని అడిగి తెచ్చాను. అన్నిటికీ ఇదొకటే పనిచేస్తుందిట, తెల్లారేసరికి తెల్లగా అయిపోతుందిట. రాసుకో."

"అందులో స్టెరాయిడ్ ఉంటుందమ్మా. ఎరుపు పోతుంది, ఫంగస్ పోదు. కాపలావాడికి నిద్రమందు పెట్టి దొంగను లోపల వదిలేసినట్టు."

"దొంగలూ కాపలావాళ్ళూ నాకెందుకే? ఆదివారం పై ఫ్లాట్లో వ్రతానికి పిలిచారు. ఆ చెయ్యి చాపి తాంబూలం ఎలా తీసుకుంటావు?"

"ఎడం చేత్తో తీసుకోను కదా, అదే చాలు" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ రెండు రోజులు నాకు నీతి చెప్పింది. ట్యూబు మూత మాత్రం నేను తియ్యలేదు. వ్రతానికి పొట్టి చేతుల జాకెట్టు వేసుకునే వెళ్ళాను.

సరిగ్గా ఆ వారమే ఆఫీసులో క్లయింట్ విజిట్ వచ్చి పడింది. ఈ మాట మీకు మామూలుగా వినిపించవచ్చు. మా ప్రాంతపు ఆఫీసుల్లో అది పెళ్ళివారు దిగడంతో సమానం. ద్వారం దగ్గర ముగ్గు, హారతి పళ్ళెం, తెర మీద వచ్చేవాళ్ళ పేరుతో స్వాగతం, మెరిసే ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తి, అద్దె కుండీల్లో తెచ్చిన మొక్కలు, పాడైన కుర్చీలన్నీ మెట్ల కిందికి. దీనికంతా పురోహితుడు మా సార్. ఆయన జంతువుల మనిషి కాదు, పై అంతస్తుల్లో ఎన్నో ఏళ్ళు ప్రాజెక్టులు నడిపి, క్లయింట్లతో నెగ్గుకురాగలడని మా యాజమాన్యం కిందికి దింపుకున్న మనిషి. మనిషి మంచివాడే. ఎవరికి జ్వరమొచ్చినా తనే ఫోను చేసి కనుక్కునేవాడు. కానీ వారం వారం పంపే నివేదికలో ప్రతి పని పక్కనా అంతా సవ్యమనే పచ్చచుక్క ఉండకపోతే, ఎర్రచుక్క ఒక్కటి కనపడినా ఆయనకు అన్నం సయించేది కాదు. మేం ఆయన్ని చాటుగా పచ్చసార్ అనుకునేవాళ్ళం. విజిట్‌కు ముందురోజు మధ్యాహ్నం ఆయన మొట్టమొదటిసారిగా జంతువుల గదిలోకి వచ్చి, కింది వరస చూసి, రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏంటమ్మా ఇది? రేపు క్లయింట్ మేడం వస్తుంటే ఇవి ఇలా ఉన్నాయేంటి? పైవి చూడు, ఎంత నీట్‌గా ఉన్నాయో."

నేను పైన మీకు చెప్పిందంతా ఆయనకూ చెప్పాను. ఇంకా వివరంగా, బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఆయన తల ఊపారు. నేను సంతోషించాను. తీరా చూస్తే ఆ తల ఊపుడు మీటింగుల్లో ఊపేది.

"అర్థమైందమ్మా, సైన్స్ నీది. ప్రెజెంటేషన్ నాది. ఇలా రెడ్ రెడ్‌గా చూపిస్తే ప్రాజెక్ట్ పోయిందనుకుంటారు. ఒక్కరోజు నీట్‌గా కనపడితే చాలు, ఎల్లుండి నుంచి నీ ఇష్టం." అని తన డ్రాయర్‌లోంచి ఒక ట్యూబు తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. "ఇది రాయించు. రాత్రికి రాత్రే పోతుంది. నాకే రెండు రోజుల్లో తగ్గిపోయింది."

అదే ట్యూబు. మా అమ్మ తెచ్చిందే. చందానగర్ నుంచి పుప్పాలగూడ దాకా ఏసీ గదుల్లో కూర్చుని, బిగుతు ప్యాంట్లలో చెమట పట్టించుకుని, ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో గొంతు తగ్గించి అడిగి తెచ్చుకునే ఊరుమ్మడి ట్యూబు. పైన పటారం, లోన లొటారం అనే మాటను పిండి గొట్టంలో నింపితే అదే. నాకు చెవులు వేడెక్కాయి.

"తగ్గిపోతే ఇంకా డ్రాయర్‌లో ఎందుకుంది సార్?" అన్నాను.

ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది కాదని ఆ తర్వాత చాలామంది పెద్దలు నాకు చెప్పారు. నాకైతే ఇప్పటికీ అది మంచి ప్రశ్నే. సార్ కాసేపు ఏసీ వైపు చూశారు. తర్వాత మెత్తగానే అన్నారు, "నీ కన్ఫర్మేషన్ కాగితం నా టేబుల్ మీదే ఉందమ్మా. టీమ్‌తో కలిసిపోయేవాళ్ళకే నేను సంతకం పెడతాను. ఆలోచించుకో." నాకు ఉద్యోగం ఖాయం కావడమంటే ఎంత ముఖ్యమో ఆయనకు తెలుసు. ఇంట్లో అప్పటికే బ్యాంకు పరీక్షలు రాయమని పోరు మొదలైంది. ఖాయం కాకపోతే నా తామర, నా పందులు, నా పట్టుదల అన్నీ కలిపి మూట కట్టి అటకెక్కించడానికి అమ్మ సిద్ధంగా ఉంది.

అయినా ఒకటి చెప్తాను. ఆ జంతువులను ఎవరూ అడగలేదు, మీకు తామర అంటిస్తాం ఒప్పుకుంటారా అని. ప్రయోగం ముగిశాక వాటికేమవుతుందో చెప్పి మీ మనసు పాడుచేయను. అవి పడే దురదకు, మంటకు బదులుగా మనకు మిగిలేది ఆ ఎరుపు ఒక్కటే. ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది, ఎప్పుడు పోయింది. దాన్ని కూడా తుడిచేస్తే వాటి బాధంతా వృథా, మళ్ళీ కొత్త జంతువులను తెచ్చి మళ్ళీ మొదటినుంచి అంటించాలి. పూలగుత్తి పక్కన అందంగా కనపడాలని అంత పని చేయడం నాకు చేతకాలేదు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది. కానీ భయం కంటే కోపం ఎక్కువ వేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి జంతువుల గదిలో అన్న (మేమందరం అలాగే పిలిచేవాళ్ళం) ఉన్నాడు. పుప్పాలగూడ పాత ఊరి మనిషి, బోనులు శుభ్రం చేసి గడ్డి వేసేవాడు. గినీ పందులంటే ప్రాణం, గొడవలంటే భయం. ఎడమ చేతిలో ఒక పాత పంది, కుడి చేతిలో మూత తీసిన సార్ ట్యూబు.

"అన్నా, ఏం చేస్తున్నవు?" అన్నాను. (అన్నతో మాట్లాడేటప్పుడు నా భీమవరం నాలుక తనంతట తనే కొంచెం తెలంగాణ అయ్యేది. అది చూసి అన్న నవ్వుకునేవాడు.)

"నాకేం ఎరుక చెల్లె, సార్ రాయుమన్నడు, రాస్తున్న. ఇంకా షురు చెయ్యలే. జర రాస్తే ఏమైతది? మళ్ల కడిగేద్దాం తియ్."

"రాస్తే ఇన్ని రోజుల పని పోతది. ఇటియ్యి."

"సార్‌తోటి లొల్లి ఎందుకు చెల్లె? నన్ను పరేషాన్ చెయ్యకు. అడిగితే నేనేం చెప్పాలె?"

"నేను గుంజుకున్ననని చెప్పు" అని పందిని, ట్యూబునూ రెండూ లాక్కున్నాను. అన్న మొహంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు. "అయితే నాకు ఫికర్ లేదు, నేను చాయ్ తాగొస్త" అని ఒక్క నిమిషంలో మాయమయ్యాడు. నేను తలుపు లోపలి నుంచి గడియ వేసుకుని దాణా బస్తా మీద కూర్చున్నాను. కాసేపటికి తలుపుకున్న చిన్న గాజు పలకలో సార్ మొహం కనపడింది. మొదట నవ్వారు. తర్వాత గడియారం చూపించారు. తర్వాత రెండు చేతులూ జోడించారు. నేను తల అడ్డంగా ఊపాను. మీటింగుల్లో ఊపేది కాదు, అసలుది. గాజు పలకకు దగ్గరగా వచ్చి "సరే, ఆ గదే చూపించను. లోపలే ఉండు. అలికిడి చెయ్యకు" అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయారు.

ఆలోచిస్తే ఆయన ఉపాయం మంచిదే. క్లయింట్ మేడంకు స్లైడ్లు చూపించి, పచ్చచుక్కలు చూపించి, బిర్యానీ తినిపించి పంపేస్తే పందుల సంగతి అడిగేదెవరు? లోపల నేను కూర్చుని నా బతుకు గురించి ఆలోచిస్తున్నాను. ఎరుపైతే కాపాడాను గానీ ఎవరూ చూడకపోతే అది ఎవరికి? కాగితం మీద సంతకం పోయింది, పందులను చూసే కళ్ళూ పోయాయి. అప్పుడే నడవలో చప్పుళ్ళు వినపడ్డాయి. హారతి, చప్పట్లు, "వెల్కం మేడం" అని సార్ గొంతు, ఆ వెంటనే ఒక పెద్దావిడ గొంతు: "బొట్టు వద్దండి, నేను పెట్టుకునే వచ్చాను." ఆవిడ ముంబై నుంచి వస్తోందని అందరూ ఇంగ్లీషు సర్దుకుని నిలబడ్డారు, తీరా ఆవిడ మా గోదావరి వైపు మనిషి. అప్పుడు సార్ పూలగుత్తి అందించారు.

గినీ పందులు పెంచినవాళ్ళకు తెలిసే సంగతొకటి ఇక్కడ మీకు చెప్పాలి. ప్లాస్టిక్ కాగితం గరగరమంటే వాటికి ఒకటే అర్థం, అన్న పచ్చగడ్డి సంచి విప్పుతున్నాడని. పూలగుత్తికి చుట్టిన కాగితం నడవలో గరగరమనగానే నా చుట్టూ ఉన్న రెండు వరసలూ ఒక్కసారిగా లేచి ఈలలు మొదలుపెట్టాయి. పాతవీ కొత్తవీ తేడా లేకుండా, బోను చువ్వలు పట్టుకుని నిలబడి, వీక్ వీక్ వీక్ అని అంతస్తు అదిరేలా. సార్ కంగారుపడి పూలగుత్తి ఆవిడ చేతిలోంచి తిరిగి తీసుకున్నారట, దాంతో ఇంకొంచెం గరగర, ఇంకొన్ని ఈలలు.

"ఏమిటండీ అది?" అని ఆవిడ అడగడం వినపడింది.

"అంటే మేడం, జంతువుల గది... ముందు కాన్ఫరెన్స్ రూముకి..."

"నేను వచ్చింది వాటి కోసమేనండి" అని చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది. నేను గడియ తీశాను.

ఆవిడ కోటు, తొడుగులు వేసుకుని కింది వరస ముందు నేల మీద గొంతుక్కూర్చుంది. వెనక సార్ నిలబడి, "అవి కొంచెం రెడ్‌లో ఉన్నాయి మేడం, యాక్షన్ ప్లాన్ తయారుగా ఉంది" అంటున్నారు. ఆవిడ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వీపు వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత నన్నడిగింది, "ఇవి పాతవేనా?"

"అవునండి."

"ఏమీ పూయలేదు కదా?"

నా కోటు జేబులో ట్యూబు ఉంది. సార్ ఊపిరి నాకు వినపడుతోంది. "లేదండి. పూయనివ్వలేదు" అన్నాను.

"ఎంత బాగా ఎర్రబడ్డాయో" అంది ఆవిడ, పసిపిల్లను చూసి మురిసిపోయినట్టు. ఆ తర్వాత పనిలో ఉన్నప్పుడు నా మణికట్టుకు చుట్టుకునే కట్టు చూసి అదేమిటని అడిగింది. దూడ కథతో సహా చెప్పాను. ఆవిడ గట్టిగా నవ్వి, "అయితే నువ్వూ కింది వరసదానివే" అంది. నాకు ఇంతవరకు ఎన్నో బిరుదులు, పదవులు వచ్చాయి గానీ, దానిముందు ఏదీ నిలబడదు.

మధ్యాహ్నం స్లైడ్లు చూపిస్తూ సార్, "ఈ ఎరుపును మా టీమ్ ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకుని కాపాడింది" అని చెప్పారు. పక్కన పచ్చచుక్క కూడా పెట్టారు. నాకు నవ్వొచ్చింది, కోపం రాలేదు. వారం తిరిగేసరికి కింది వరస పొక్కులు రాలిపోయి కొత్త బొచ్చు మొలిచింది. పై వరస అందగాళ్ళ వీపులు అప్పుడు మండటం మొదలుపెట్టాయి. ఫలితం ఉన్నది ఉన్నట్టు వెళ్ళింది. నా కన్ఫర్మేషన్ కాగితం మాత్రం అందరితో పాటు రాలేదు. సర్దుకుపోయే గుణం పెంచుకోవాలని రాసి, ప్రొబేషన్ ఇంకొన్నాళ్ళు పొడిగిస్తూ వేరే కాగితం ఇచ్చారు. ఇంట్లో ఆ కాగితం చదివి వినిపిస్తే అమ్మ నా చేతిలోంచి తీసుకుని తనూ ఒకసారి చదివింది. తర్వాత తను తెచ్చిన ట్యూబు తీసి చెత్తబుట్టలో పడేసింది. ఆ తర్వాత ఎప్పుడో లిఫ్టు దగ్గర పై ఫ్లాటావిడతో మాట్లాడుతుంటే విన్నాను: "ఆ క్రీము రాయకండి. మా అమ్మాయి గినీ పందుల మీద పనిచేస్తుందండి, దానికి తెలుసు."

నా చేతి మీద తామర మచ్చ కూడా మిగల్లేదు. నాకిప్పుడు కళ్ళజోడు వచ్చింది, నా కింద నలుగురు పనిచేస్తున్నారు, విజిట్‌లకు పూలగుత్తి నేనే తెప్పిస్తున్నాను. మొన్నొక మీటింగులో ఒకాయన నవ్వుతూనే, "ఆ గ్రాఫు చూడ్డానికి బాలేదు మేడం, ఆ చివర కొంచెం తగ్గించి చూపిద్దాం" అన్నాడు. చెవులు వేడెక్కాయి. వద్దన్నాను, రెండోసారి అడిగినా వద్దన్నాను. టీ వచ్చేసరికి చల్లబడి బిస్కెట్ల ప్లేటు ఆయన వైపే జరిపాను. ఆ రోజుల్లో అయితే తలుపు గడియ వేసుకుని దాణా బస్తా మీద కూర్చునేదాన్ని. ఆ పిల్లను తలుచుకుంటే అప్పుడప్పుడూ కొంచెం బెంగగా ఉంటుంది. కానీ కింది వరసవాళ్ళం కదా, మాకు ఎరుపు తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. రావడం మాత్రం మానదు.